శౌరమ్మ తెల్ల డబ్బాలు

పటమటలో ఆ వీధిలోకి ఎవరైనా కొత్తగా అద్దెకు దిగితే, పాలు పోసేవాడి ఫోను నంబరు కన్నా ముందు శౌరమ్మ కర్రీ పాయింటు ఎటువైపో చెప్పేవారు. రామకోటేశ్వరరావుగారి మేడ కింద, ఒకప్పుడు కారు పెట్టుకున్న గది. దానికో షట్టరు. షట్టరు ముందు బల్ల, బల్ల మీద మూతలు పెట్టిన స్టీలు గిన్నెలు, గిన్నెల వెనకాల శౌరమ్మ. పొద్దెక్కేసరికి దొండకాయ వేపుడు వాసన ఎదురు అపార్టుమెంటు పై అంతస్తు దాకా పాకి, ఇవ్వాళ కూర చెయ్యాలా మానాలా అని ఊగిసలాడుతున్న ఆడవాళ్ల చేత స్టవ్వు కట్టించేసేది.

మనిషి పొట్టి. కొంగు నడుముకు బిగించి దోపుకుంటే, ఇక సాయంత్రం దాకా అది ఊడేది కాదు. మెడలో సన్నటి గొలుసుకు మరియమ్మ తల్లి బిళ్ల. పుట్టింది కంకిపాడు దగ్గర. నాట్లు వేసిన చెయ్యి, కలుపు తీసిన చెయ్యి. అంతోనిని చేసుకుని బెజవాడ వచ్చాక కాన్వెంటు సిస్టర్ల హాస్టల్లో వంటమనిషికి సాయంగా చేరింది. ఉల్లిపాయలు తరిగి తరిగి, చివరికి ఆ వంటమనిషి మానేస్తే తనే వంటమనిషయింది. కూర ఎలా చెయ్యాలో వాళ్లమ్మ నేర్పింది. గిన్నె ఎలా కడగాలో సిస్టర్లు నేర్పారు. ఈ రెండూ కలిసి ఒక మనిషిలో ఉండటం అరుదు కాబట్టే ఆ బల్ల ముందు వరస కట్టేవారు.

తక్కిన కర్రీ పాయింట్లలో కూరని పల్చటి కవర్లో పోసి, రబ్బరుబ్యాండు బిగించి చేతికిస్తారు. శౌరమ్మకి అది గిట్టేది కాదు. "వేడి కూర కవర్లో పోస్తే వాసనొస్తదండీ, తినేవాళ్లకి నా వంటే కంపనిపిస్తది" అనేది. వన్‌టౌన్ నుంచి గుండ్రటి తెల్ల డబ్బాలు తెప్పించేది. మూత వేస్తే టక్కుమని పడాలి, బోర్లించినా చుక్క కారకూడదు. కొత్త డబ్బాలే అయినా మరిగే నీళ్లు పోసి కడిగి, ఉతికిన గుడ్డ మీద బోర్లించి ఆరబెట్టేది. ఆ డబ్బాల వరస చూసి పెళ్లిచూపులకి ముస్తాబు చేసినట్టుందని అంతోని నవ్వేవాడు.

అంత మంచి డబ్బాని పారేయడానికి ఏ ఇల్లాలికి చేతులొస్తాయి? కూర అయిపోగానే కడుక్కుని దాచుకునేవారు. అలా ఆ వీధిలో శౌరమ్మ డబ్బా లేని వంటిల్లు లేకుండా పోయింది. ఆవాలు, మెంతులు, ఇంగువ ముక్కలు, ఫ్రిజ్‌లో తోడుపెట్టిన పెరుగు, అల్లం వెల్లుల్లి ముద్ద, అన్నీ వాటిలోనే. ఆ మేడలోనే కింది వాటాలో ఉండే ఉషశ్రీ కూతురు వాటిలో జడక్లిప్పులు పెట్టుకునేది. ఎదురు అపార్టుమెంటులో ఎవరింట ఏం జరిగినా పెద్దరికం తనదే అనుకునే సంపూర్ణమ్మ అయితే ఏకంగా దేవుడి అలమరలో పసుపు పోసి పెట్టుకుంది. ఒకసారి కూరలు ఇవ్వడానికి వాళ్లింటికి వెళ్లినప్పుడు హాలు గుమ్మం దగ్గర నిలబడి శౌరమ్మ అది చూసింది. ఇంటికొచ్చి మొగుడితో అంది:

"నన్ను గుమ్మం దాటనివ్వలేదు గానీ, నా డబ్బా పోయి దేవుళ్ల మధ్య కూచుందయ్యా."

"డబ్బా బాప్తిస్మం తీసుకోలేదుగా" అన్నాడు అంతోని. ఇద్దరూ నవ్వుకున్నారు. అప్పట్లో నవ్వుకోగలిగేవారు.

వానలు మొదలైన కొత్తలో సంపూర్ణమ్మ మనవడు జయంత్‌కి జ్వరం పట్టుకుంది. వదిలినట్టే వదిలి మళ్లీ తిరగబెట్టేది. రక్తం తీసి కల్చరుకి పంపితే టైఫాయిడ్ అని తేలింది. ఆ వెంటనే ఉషశ్రీ కూతురికీ అదే జ్వరం. డాక్టరు అందరు డాక్టర్లూ అడిగినట్టే అడిగాడు, బయట తిండి ఏమన్నా తింటున్నారా అని. జయంత్ కాలేజీ దగ్గర నూడుల్సూ, బెంజి సర్కిల్ దగ్గర పానీపూరీ, దారిలో పుల్లయిసూ తిన్నవాడే. కానీ నూడుల్సు బండివాడి పేరు ఎవరికీ తెలియదు. శౌరమ్మ పేరు అందరికీ తెలుసు.

మర్నాడు కూరలు పొయ్యి మీద ఉండగానే సంపూర్ణమ్మ వచ్చింది. పక్కన ఉషశ్రీ, వెనకాల ఇంటాయన రామకోటేశ్వరరావు.

"శౌరమ్మా, ఆ గరిటె కాస్త పక్కన పెట్టు. నీతో మాట్లాడాలి."

"వంకాయ అడుగంటుద్దమ్మగారూ, కలుపుతా వింటా, చెప్పండి. బాబుకెట్లా ఉంది? కారం లేకుండా పప్పుచారు కాసి పంపుదామనుకున్నా..."

"వద్దు తల్లీ. నీ పప్పుచారుతోనే వచ్చిందేమోనని కదా మా గోల."

శౌరమ్మ చేతిలో గరిటె ఆగింది. ఉషశ్రీ ఫోను ముందుకు చాపింది.

"ఆంటీ, కొంతమందికి పైకి ఏమీ ఉండదంట. జ్వరం రాదు, నొప్పి రాదు. లోపల మాత్రం క్రిములు కాపరం చేస్తుంటాయంట. వాళ్లు వండితే తిన్నవాళ్లకి వస్తుందంట. వీడియోలో డాక్టరే చెప్పాడు."

"నేను జొరంతో పడుకుని ఎన్నేళ్లయిందో నాకే గుర్తులేదమ్మాయ్."

"అదే ఆంటీ! అచ్చం అలాంటివాళ్లే."

ఆరోగ్యంగా ఉండటం కూడా నేరమైపోయాక మనిషి ఏం చెప్పుకోగలదు? లోపల ఉల్లిపాయలు తరుగుతున్న అంతోని తల బయటపెట్టాడు.

"అమ్మగారూ, వీధి చివర కాలవ పని కోసం తవ్వి వదిలేశారు చూశారా? మంచినీళ్ల పైపు ఆ మురుగులో మునిగే ఉందండి. నేను రెండుసార్లు..."

"అంతోనీ, నువ్వు ఉల్లిపాయలు తరుక్కో. మేం ఫిల్టరు నీళ్లే తాగుతాం" అంది సంపూర్ణమ్మ. ఆమె గొంతు ఎప్పుడూ హెచ్చదు. తేనెలో ముంచిన సూదిలా దిగుతుంది. "చూడు శౌరమ్మా, నీ మీద అనుమానంతో కాదు. రేపు ఎవరో ఒకరు నోరు జారకూడదని. అదేదో మోషన్ టెస్టు ఉందట, చేయించుకో. లేదని తేలిందనుకో, ఆ రిపోర్టు ఇక్కడ షట్టరుకి అంటించు. మొదటి డబ్బా నాకే కట్టాలి, సరేనా?"

"అప్పటిదాకా?" అంది శౌరమ్మ.

రామకోటేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. "అప్పటిదాకా షట్టరు దించుదాం. నలుగురూ నన్ను అడుగుతున్నారమ్మా, గది నాది కదా. రిపోర్టు క్లీనుగా వచ్చిందంటే నా చేత్తో నేనే ఎత్తుతా."

"నిజంగా ఎత్తుతారా బాబుగారూ?"

"మాటంటే మాటే."

ఆ పూట వండిన కూరలు గిన్నెల్లోనే ఉండిపోయాయి. వాచ్‌మన్ పెళ్లాం మాత్రం వెనకదారిన వచ్చి, ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని, టిఫిను క్యారియరు నింపుకుపోయింది.

షట్టరు దిగితే శౌరమ్మకి ఇంకో బతుకు లేదు. అంతోని ఆటో నడిపిన రోజులు అతని వెన్నుపూసతోపాటే పోయాయి. అందుకని ఆమె ఆ సాయంత్రమే ల్యాబుకి వెళ్లింది. అక్కడ శాంపిళ్లు తీసుకునే సాయిగణేష్ ఆమెకి తెలిసినవాడే. మధ్యాహ్నం పూట దొండకాయ వేపుడు కోసం వచ్చేవాడు. బల్ల మీద అతని పెన్నులూ, స్టాంపు ప్యాడూ పెట్టుకున్నది కూడా శౌరమ్మ డబ్బాలోనే. అది చూసి ఆమెకి కాస్త ధైర్యం వచ్చింది, పరాయి ఊళ్లో సొంతమనిషి కనబడ్డట్టు.

అతను చిన్న డబ్బా ఒకటి ఇచ్చాడు. మూతకి లోపలివైపు బుల్లి చెంచా అతికించి ఉంది.

"పాయసానికిచ్చినట్టు చెంచా కూడానా బాబూ?" అంది శౌరమ్మ సిగ్గు కప్పుకోవడానికి.

అతను నవ్వి, మళ్లీ పని గొంతు తెచ్చుకున్నాడు. "జాగ్రత్తగా వినండాంటీ. ముందు యూరినుకి వెళ్లొచ్చెయ్యండి, అది కలవకూడదు. కుళాయి నీళ్లు తగలకూడదు. దొడ్లో శుభ్రమైన కవరు పరుచుకుని, దాని మీంచి ఈ చెంచాతో తీసి డబ్బాలో వెయ్యాలి. చెంచా, డబ్బా లోపలివైపు దేనికీ తగలకూడదు. మూత కింద పడితే ఆ డబ్బా ఇక పనికిరాదు, వచ్చి ఇంకోటి తీసుకెళ్లండి. బిళ్లలేమీ మింగకూడదు. వెళ్లిన రెండు గంటల్లోపు నాకు అందాలి, ఎండలో పెట్టకూడదు. ఇలా మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు వదిలి."

"ఒకసారి చాలదా బాబూ?"

"క్రిమి ఉన్నా రోజూ బయటపడదాంటీ. ఒకరోజు కనబడుద్ది, ఒకరోజు కనబడదు. మేం దాన్ని ప్లేట్ల మీద వేసి వెచ్చగా పెడతాం. ఉంటే పెరుగుద్ది."

పిండి పులిస్తే పొంగినట్టన్నమాట అనుకుంది శౌరమ్మ. డబ్బాని కొంగుచాటున దాచుకుని ఇల్లు చేరింది.

దాచుకోనిస్తే కదా. సంపూర్ణమ్మ అప్పటికే ఇంకో సంగతి ఆలోచించి పెట్టింది.

"ఎవరిదో పట్టుకెళ్లి నాదేనని ఇస్తే మాకెలా తెలుస్తుందే?"

"దాన్ని కూడా ఎవరన్నా అరువిస్తారా అమ్మగారూ?"

"హాస్యం కాదు. పిల్లల ప్రాణాలు. ఉషశ్రీ వచ్చి బయట నిలబడుతుంది. ఇంకోటి, కొంగులో దాచి తీసుకెళ్లొద్దు. లోపలిది కనబడే కవర్లో వేసి, అందరూ చూస్తుండగా నడిచి వెళ్లు. నీకే మంచిది, మధ్యలో మార్చావని రేపు ఎవరూ అనకుండా."

నీకే మంచిది అన్న మాట ఆ వీధిలో శౌరమ్మ ఆ వారం విన్నన్ని సార్లు పుట్టి బుద్ధెరిగాక వినలేదు.

ఆమె ఉండే గది షట్టరు వెనకాలే. స్నానాలగది, దొడ్డి మేడ పక్క ఖాళీలో విడిగా, రేకు తలుపుతో ఉంటాయి. ఎదురు అపార్టుమెంటు బాల్కనీలన్నీ సరిగ్గా ఆ తలుపు మీదికే చూస్తాయి. మొదటిరోజు పొద్దున్నే శౌరమ్మ కవరూ డబ్బా పట్టుకుని లోపలికి వెళ్లింది. రేకు తలుపు అవతల ఉషశ్రీ ఫోను చూసుకుంటూ నిలబడింది. బాల్కనీల్లో బట్టలు ఆరేసుకునేవాళ్లు ఆ రోజు ఎందుకో ఆరేసిన బట్టలే మళ్లీ ఆరేస్తున్నారు.

కాపలా ఉంటే ఒళ్లు కదలదు. లోపల శౌరమ్మ కళ్లు మూసుకుని జపమాల చెప్పుకుంది. మరియమ్మ తల్లిని ఇలాంటి చోట పిలిచినందుకు మనసులోనే లెంపలేసుకుంది.

"అయిందా ఆంటీ?"

రేకు తలుపు టకటకలాడింది.

"పాపకి మందు వేళవుతోంది, తొందరగా కానివ్వండీ!"

పైనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. "పోనీ కాస్త కాఫీ ఇప్పించండే" అంది ఇంకెవరో.

అయింది చివరికి. శౌరమ్మ బయటికి వచ్చేసరికి మొహం చెమటతో తడిసిపోయి ఉంది. డబ్బా మూత బిగించి ఉంది, వాసన వచ్చే వీలే లేదు. అయినా ఆమె కనబడే కవరు చేత్తో పట్టుకుని వీధిలో నడుస్తుంటే ఒక్కొక్కరే కొంగులు ముక్కుకి తెచ్చుకున్నారు. స్కూలాటో ఎక్కుతున్న పిల్లల్లో ఒకడు అరిచాడు.

"ఆంటీ, ఇవ్వాళ స్పెషలేంటి?"

వాళ్లమ్మ వాడి నెత్తిన ఒకటి మొట్టింది. మొట్టి, మొహం తిప్పుకుని నవ్వింది. శౌరమ్మ చూసింది. ఆ పిల్లవాడికి కారం పడదని వేరుగా పప్పు తీసి పెట్టిన రోజులు ఆమెకి గుర్తొచ్చాయి. కవరు ఇంకో చేతికి మార్చుకుని ల్యాబు దాకా నడిచింది.

రెండోసారీ అంతే. కాకపోతే రెండోసారికి వీధికి అలవాటైపోయింది. పొద్దున్నే పేపరు కోసం చూసినట్టు ఆమె కోసం చూశారు.

మూడోసారి తప్పు జరిగింది. ఆ తప్పు శౌరమ్మ తప్ప ఇంకెవరూ చెయ్యరు.

రాత్రంతా వాన పడి దొడ్లో నేలంతా తడిగా ఉంది. తడిచేతుల్లోంచి చెంచామూత జారి నీళ్లలో పడింది. ల్యాబువాడు చెప్పిన మాట ఆమెకి గుర్తుంది, మూత కింద పడితే ఆ డబ్బా పనికిరాదు. పోయి ఇంకోటి తెచ్చుకోవాలి. కానీ కడుపు ఆగేలా లేదు. అవతల ఉషశ్రీ తలుపు మీద గోళ్లతో కొడుతోంది. ఇవ్వాళ కాకపోతే రేపు మళ్లీ ఈ తలుపు, ఈ కాపలా, ఈ బాల్కనీలు. శౌరమ్మ తలుపు సందులోంచి కేకేసింది.

"ఏమయ్యోయ్! శుభ్రమైన డబ్బా ఒకటియ్యి! మరిగే నీళ్లతో కడిగియ్యి!"

అంతోని కంగారుపడి చుట్టూ చూశాడు. ఆ ఇంట్లో అన్నిటికన్నా శుభ్రమైనవి ఏవో అతనికి తెలియదా? ఉతికిన గుడ్డ కింద, వారం రోజులుగా కూర కోసం ఎదురుచూస్తూ బోర్లించిన తెల్ల డబ్బాలు. ఒకటి తీసి, మరిగిన నీళ్లు పోసి తొలిచి, గుడ్డతో తుడిచి తలుపు సందులోంచి అందించాడు. శౌరమ్మ అందుకుంది. ఆమె మనసులో అనుమానం రవ్వంత లేదు. లోకంలో అంతకన్నా శుభ్రమైన డబ్బా ఇంకోటి ఉంటుందని ఆమె ఎలా అనుకుంటుంది?

మూత టక్కుమని పడింది.

బయటికి వచ్చి కనబడే కవర్లో పెట్టుకుని నాలుగడుగులు వేసిందో లేదో, ఉషశ్రీ నోరు తెరుచుకుని ఉండిపోయింది. ఆ తర్వాత ఫోను పైకి లేచింది. శౌరమ్మకి ఏమీ అర్థం కాలేదు. ఆ రోజు వీధిలో ఎవరూ ముక్కు మూసుకోలేదు, ఎవరూ నవ్వలేదు. ఆమె చేతిలోని తెల్ల డబ్బా వంక చూసి అలా నిలబడిపోయారు. అలవాటుపడ్డారు కాబోలు, ఇక జాలిపడుతున్నారేమో అనుకుంది పిచ్చిది.

ల్యాబులో సాయిగణేష్ కవరు చూసి కుర్చీలోంచి లేచాడు.

"ఆంటీ, ఇదేంటి?"

"మూత నీళ్లలో పడింది బాబూ. ఇది కొత్తదే. మరిగే నీళ్లతో కడిగించా."

"కడిగితే అసలుకే మోసం. వేడికీ తడికీ ఉన్న క్రిమి కూడా చస్తుంది, లేనివేవో వచ్చి చేరతాయి. మా డబ్బాలు వేరేగా శుద్ధి చేసి మూసేసి వస్తాయి. ఇది తీసుకోవడానికి వీల్లేదు." అతను చేతికి తొడుక్కున్న గ్లోవు ఆ కవరు మీదికి వెళ్లి ఆగింది. "ఇంకో డబ్బా ఇస్తా, ఎల్లుండి తెండి. మీ రిపోర్టుకేం నష్టం లేదులే."

నష్టం లేదన్నాడు కదా అని ఆమె ఊపిరి పీల్చుకుంది. తిరిగి వెళ్లబోతూ చూస్తే, సాయిగణేష్ బల్ల మీది తెల్ల డబ్బాలోంచి పెన్నులూ స్టాంపు ప్యాడూ ఒక్కొక్కటే తీసి సొరుగులో పెడుతున్నాడు. ఖాళీ డబ్బాని వేలికొసతో బల్ల అంచుదాకా నెట్టాడు. కింద చెత్తబుట్ట ఉంది.

అప్పుడు అర్థమైంది శౌరమ్మకి, వీధంతా ఆ డబ్బా వంకే ఎందుకు చూసిందో.

వీధికి తిరిగి వచ్చేసరికి ఉషశ్రీ తీసిన ఫొటో అన్ని ఫోన్లకీ చేరిపోయింది. ప్రతి వంటింట్లోనూ గలగలలు. ఆవాలు స్టీలు డబ్బాలోకి, మెంతులు సీసాలోకి, తోడుపెట్టిన పెరుగు సింకులోకి. ఉషశ్రీ కూతురు జడక్లిప్పుల కోసం ఏడుస్తుంటే వీపు మీద ఒకటి పడింది. చెత్తబండి వచ్చేదాకా ఆగలేదు ఎవరూ. ఖాళీ డబ్బాలు తెచ్చి దించిన షట్టరు ముందు పడేసి పోయారు. కొందరు ఆపాటి శ్రమ కూడా పడక బాల్కనీల్లోంచి విసిరారు. సంపూర్ణమ్మ మాత్రం విసరలేదు. పాతబట్టతో పట్టుకుని తెచ్చి, పసుపు మరక అంటిన డబ్బాని కుప్ప మీద జాగ్రత్తగా పెట్టింది.

"దేవుడి అలమర మొత్తం కడుక్కోవాల్సొచ్చింది శౌరమ్మా" అంది బాధగా. "నాకీ వయసులో ఇదంతా పనేనా?"

"అది కొత్త డబ్బా అమ్మగారూ. మీ ఇంట్లోవి వేరు, ఇది వేరు. ఇట్లాంటి పనికి వాడటం ఇదే మొదలు, మరియమ్మ తల్లి మీదొట్టు."

"నేను కాదన్నానా? చూసిన కళ్లకి చెప్పు."

అంతోని గోనెసంచి తెచ్చి డబ్బాలు ఏరుతుంటే, మూతలు ఒకవైపు, డబ్బాలు ఒకవైపు, శౌరమ్మ అరుగు మీద కూచుని చూసింది. అన్నీ కడిగే ఇచ్చారు. ఆ వీధి ఆడవాళ్లకి శుభ్రం తెలియదని ఎవరూ అనలేరు.

మిగిలిన శాంపిలు కూడా ఇచ్చింది. ఈసారి తలుపు దగ్గర ఉషశ్రీ లేదు. రమ్మంటే, "వద్దాంటీ, ఇప్పటికే అన్నం సయించడం లేదు" అంది.

ఆ తర్వాత రిపోర్టు వచ్చింది. ఏ ఒక్కదాంట్లోనూ టైఫాయిడ్ క్రిమి పెరగలేదని రాసి ఉంది. శౌరమ్మ దాన్ని గుండెలకు హత్తుకుని తెచ్చి, మైదా ఉడికించి షట్టరు పక్క గోడకి అంటించింది. రామకోటేశ్వరరావు వచ్చి, మాటిచ్చినట్టే తన చేత్తోనే షట్టరు ఎత్తాడు. సంపూర్ణమ్మ కళ్లజోడు పెట్టుకుని ఒక్కో అక్షరం చదివింది.

"నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నా, మా శౌరమ్మలో ఏ దోషం ఉండదని! ఏమ్మా ఉషా, అన్నానా లేదా?"

"అన్నారు పిన్నిగారూ."

శౌరమ్మ ఆ రోజు చీకటితోనే లేచి వండింది. దొండకాయ వేపుడు, గోంగూర పచ్చడి, ములక్కాడ జీడిపప్పు, ముద్దపప్పు. జయంత్ పథ్యం కోసం బీరకాయ కూర వేరుగా. తెల్ల డబ్బాలు బల్ల మీద పెట్టలేదు. అరిటాకులు కోయించి, ఎవరి గిన్నె వాళ్లు తెచ్చుకున్నా సరేనని వీధంతా తిరిగి చెప్పి వచ్చింది. వాసన ఎప్పటిలాగే పై అంతస్తు దాకా ఎక్కింది.

అందరూ వచ్చారు. రిపోర్టు చదివారు. పోన్లే, గండం గడిచిందన్నారు. గిన్నెల మూతలు తీసి చూపిస్తే తొంగిచూసి, తలలూపి, ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

"అమ్మగారూ, మొదటిది మీకేనన్నారు. ఆకులో కట్టమంటారా?"

సంపూర్ణమ్మ అటూ ఇటూ చూసి, దగ్గరికి జరిగి, కన్నతల్లిలా గొంతు తగ్గించింది.

"తప్పు నీది కాదే. ఏ దేవుడి ముందైనా చెబుతా. కానీ నీ కూర చూస్తే నాకా రోజు గుర్తొస్తుంది. నోట్లో పెట్టుకోబోతే ఆ డబ్బానే కళ్ల ముందు కనబడుతుంది. ఏం చెయ్యమంటావు చెప్పు?"

"కనబడేటట్టు పట్టుకెళ్లమంది మీరే కదమ్మగారూ."

"అవును. నీ మంచికే కదా చెప్పింది."

శౌరమ్మ నెలాఖరు దాకా వండింది. రోజురోజుకీ చిన్న గిన్నెలోకి మారుస్తూ వండింది. ఆఖరికి తామిద్దరికీ సరిపడేంతే మిగిలింది. ఈలోగా పక్క సందులో ఇంకో ఇద్దరికి టైఫాయిడ్ వచ్చింది. వాళ్లెవరూ శౌరమ్మ కూర తిని ఎరగరు. వీధి చివర గొయ్యి అలాగే ఉంది, పైపు అలాగే మునిగి ఉంది. ఆ సంగతి అంతోని చెప్పబోయి, ఎవరికి చెప్పాలో తోచక ఊరుకున్నాడు.

రామకోటేశ్వరరావు వచ్చి గది ఇంకొకళ్లు అడుగుతున్నారన్నాడు. ఇబ్రహీంపట్నం నుంచి ఎవరో కిరీటి అట, అతనూ కర్రీ పాయింటే పెడతాడట. ఖాళీ చేసే రోజు శౌరమ్మ అండాలు, మూకుళ్లు, గరిటెలు ఆటోలోకి ఎక్కిస్తుంటే అటువైపు కిరీటి బల్ల వేసుకుని అమ్మకం మొదలుపెట్టేశాడు. కంకిపాడులో తమ్ముడి కొట్టంలో కొన్నాళ్లు తలదాచుకుందామని వాళ్ల ఆలోచన. అక్కడ వండితే కొనేవాళ్లెవరన్నది ఇంకా ఆలోచించలేదు.

బల్ల ముందు వరస కట్టారు. వరసలో ముందు సంపూర్ణమ్మ. కిరీటి దొండకాయ వేపుడు తీసి గుండ్రటి తెల్ల డబ్బాలో పెట్టి మూత నొక్కాడు. టక్కుమంది. అవే డబ్బాలు. వన్‌టౌన్‌లో ఆ ఒక్క కొట్టులోనే దొరుకుతాయి. ఎక్కడ కొన్నావక్కా అని గది చూడటానికి వచ్చినప్పుడు అతనే శౌరమ్మని అడిగి తెలుసుకున్నాడు.

సంపూర్ణమ్మ డబ్బాని తలకిందులు చేసి చూసింది. చుక్క కారలేదు.

"మూత గట్టిగానే ఉందోయ్. కడుక్కుంటే పనికొస్తుంది."

ఆటోలో మూకుళ్ల మధ్య కూచున్న శౌరమ్మకి ఆ మాట వినబడింది. తల బయటపెట్టి, వీధి మొత్తానికీ వినబడేలా అంది:

"పసుపు పోసుకోండమ్మగారూ అందులో! పాతది పారేశారుగా!"

వరసలో ఉన్నవాళ్లు తిరిగి చూశారు. ఉషశ్రీ కూడా చూసింది. శౌరమ్మ ఆ మొహాల్లో ఏదో ఒకటి కనబడుతుందని ఎదురుచూసింది. సంపూర్ణమ్మ అర నిమిషం ఆలోచించి, మొహమంతా నవ్వు చేసుకుంది.

"అవునే, బాగా గుర్తుచేశావు! అప్పట్నుంచీ పసుపు పొట్లంలోనే ఉండిపోయింది. బాబూ కిరీటీ, ఖాళీ డబ్బా ఇంకోటి ఉంటే ఇటియ్యి."

అంతోని ఆటో డ్రైవరు భుజం తట్టాడు. ఆటో గొయ్యి పక్కనుంచి మలుపు తిరుగుతుంటే మూకుళ్లు ఒకదానికొకటి తగిలి మోగాయి. శౌరమ్మ వాటిని రెండు చేతులా పట్టుకుంది.